మాస్టరు గోతాలు

మనిషి పోయాక ఆ మనిషి మీద ప్రేమే మిగులుతుందని పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ చెప్పారు. నాకు మాత్రం ఆ వేసవి అంతా మా ఆయన మీద విసుగే మిగిలింది.

ఆయన పేరు సమాధానం. మైపాడుకు పక్కన, సముద్రం ఒడ్డునున్న మా పాలెంలో టైలరు. బళ్ళో సైన్సు చెప్పేదాన్ని నేనైతే, ఊరంతా 'మాస్టరు' అని పిలిచింది ఆయన్ని. నన్ను టీచరమ్మ అనేవాళ్ళు. మార్చిలో ఒక మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. ఆ సంగతి ఇంతకంటే చెప్పలేను.

బళ్ళకు సెలవులిచ్చిన వారంలో దుకాణం తాళం తీశాను. సముద్రంలో చేపల వేట మీద ఏటా పెట్టే నిషేధం అప్పటికే మొదలైంది. మోటారు పడవలన్నీ ఇసుకలోకి లాగేసి ఉన్నాయి, మగవాళ్ళు వాటి నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారు. నాతో ధనలక్ష్మి వచ్చింది. ఆయన దగ్గర కాజాలు కుట్టడంతో మొదలుపెట్టి, చొక్కా మొత్తం తనే కుట్టేదాకా వచ్చిన మనిషి. గది సొంతదారు పద్మనాభయ్యగారు వచ్చి మెట్టు మీద నిలబడ్డారు, లోపలికి రాలేదు.

ముందు భాగం నాకు తెలిసిందే. రెండు మిషన్లు, కత్తిరింపు బల్ల, మేకుకు వేలాడే టేపు. రోజూ క్యారేజీ ఆ బల్ల మీద పెట్టి వెనక్కి వచ్చేదాన్ని. బల్ల వెనక పాత దుప్పటితో ఒక తెర ఉండేది. దాని వెనక ఏముందో నేనెప్పుడూ చూడలేదు. ధనలక్ష్మి ఆ తెర పక్కకు లాగింది.

గోతాలు. యూరియా గోతాలు, బియ్యం గోతాలు, కోళ్ళ మేత గోతాలు. నేల నుంచి రేకుల కప్పు దాకా గోడ కట్టినట్టు పేర్చి ఉన్నాయి. నలభై దాకా ఉంటాయి.

"ఏంది ధనలక్ష్మీ ఇది?"

"ముక్కలు టీచరమ్మా."

"ఏం ముక్కలు?"

"గుడ్డ కత్తిరిస్తే మిగిలేటివి. మాస్టరు పారెయ్యనీడు గదా."

"ఎందుకు పారెయ్యనీడు?"

ధనలక్ష్మి చీపురు వెతుక్కుంటూ పక్కకు పోయింది.

పద్మనాభయ్యగారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, ఈ టైములో అడగకూడదు గానీ... చికెన్ సెంటరు పెడతానని ఒక అబ్బాయి పొద్దస్తమానం నా చుట్టూ తిరగతా ఉండాడు. నాకేమో ధనలక్ష్మికే ఇవ్వాలని ఉండాది. మాస్టరు మిషన్లు, మాస్టరు దగ్గర నేర్చిన చెయ్యి. కానీ బళ్ళు తెరిచేనాటికి ఈ గోతాలు పోవాల. పక్కన బియ్యం కొట్టుంది. ఎలకలు ఇక్కడ పిల్లలు పెట్టి అక్కడికి భోజనానికి పోతా ఉండాయి."

"పోతాయి," అన్నాను. "వారంలో తీయించేస్తాను."

అంత ధైర్యంగా ఎలా అన్నానో ఇప్పటికీ ఆశ్చర్యమే.

ధనలక్ష్మి తన చేతుల వైపు చూసుకుంది. కుట్టుపనిలోకి రాకముందు ఆమె రొయ్యల షెడ్డులో తలలు ఒలిచేది. పొద్దున్నుంచీ ఐసులో చేతులు. వేళ్ళ సందుల్లో చర్మం నాని పుండ్లు పడి, అన్నంలో కారం కలుపుకోలేక స్పూను పట్టుకునేది. మా ఆయన దగ్గర చేరాక ఆ వేళ్ళు మానాయి. యూనిఫారాలు కుట్టే కాలం జూన్ ఒక్కటే. అది దాటిందంటే ఏడాదికి సరిపడా పని పోయినట్టే, మళ్ళీ షెడ్డుకే.

ఎలాగైనా ఆ గది ఖాళీ చెయ్యాలి. అంతే పని. ముక్కలు తీసి బయట పడెయ్యడం. ఎంత సులువుగా అనిపించిందో.

*

మొదట పాత సామాన్లు కొనే చాంద్ బాషాను నెల్లూరు నుంచి పిలిపించాను. ఆయన ఆటో దిగీ దిగకముందే ఒక గోతం మూతి విప్పి, పిడికెడు ముక్కలు తీసి, నలిపి, మళ్ళీ లోపల పెట్టాడు.

"బనీను గుడ్డ అయితే వర్క్‌షాపుల వాళ్ళు నూనె తుడుచుకోను ఎగబడి కొంటారమ్మా. ఇది నూనె పీల్చదు, నీళ్ళూ పీల్చదు. పోనీ మొత్తం పాలిస్టరే అయినా దానికీ ఒక దారుండాది. ఇది అదీ గాదు, ఇదీ గాదు."

"తెలుసు," అన్నాను.

తెలుసు మరి. ఏటా ఎనిమిదో తరగతికి నేను చెప్పే పాఠమే అది. బల్ల మీద అగ్గిపుల్ల గీసి దారాలు కాల్చి చూపిస్తాను. నూలు దారం కాగితంలా కాలి బూడిదవుతుంది. పాలిస్టరు దారం కరిగి, ముడుచుకుని, చివర నల్లపూసలా గట్టిపడుతుంది. యూనిఫారం గుడ్డలోంచి లాగిన దారం మాత్రం కాస్త కాలి, కాస్త కరిగి, రెండూ అయి ఆగిపోతుంది. ఒక్కో పోగులోనే రెండూ కలిపి వడికి ఉంటారు. 'మిశ్రమ నూలు వల్ల లాభాలు రాయండి' అని ప్రశ్న ఇచ్చేదాన్ని. త్వరగా ఆరుతుంది, ఇస్త్రీ నలగదు, ఎక్కువకాలం మన్నుతుంది అని రాస్తే పూర్తి మార్కులు. నష్టాలేమిటని ఏ ఏడూ అడగలేదు.

"రెండిటినీ విడదీసే దారి లేదా బాషా?"

"పెద్ద పెద్ద కంపెనీలు ఏందో చేస్తా ఉండారంట. మన నలభై గోతాలకు వాళ్ళు మైపాడు వస్తారా అమ్మా?"

పోతూ పోతూ అడుగునున్న గోతం ఒకటి లాగి చూశాడు. గోడలో చెమ్మకు ఏళ్ళ తరబడి నానిన గోతం అది. అందులో ఉన్నది మా బడి పాత యూనిఫారం గుడ్డ, ఇప్పటి పిల్లలు ఎరగని రంగు. ఒక ముక్క తీసి వెలుగుకు పట్టుకున్నాను. నూలు అంతా కుళ్ళి రాలిపోయింది. పాలిస్టరు పోగులు మాత్రం సాలెగూడులా మిగిలి ఉన్నాయి. గళ్ళు గళ్ళుగానే ఉన్నాయి. వేలు పెడితే ఆనలేదు, ఊదితే ఎగిరింది, లాగితే తెగలేదు. "ఇది ఎప్పటికీ కుళ్ళదు," అన్నాను, గోతాలు దించడానికి వచ్చిన ధనలక్ష్మి మొగుడు నరసయ్యతో.

బాషా మూల పడున్న పాత ఇస్త్రీపెట్టె, విరిగిన ఇనప కుర్చీ మాత్రం ఆటోలో వేసుకుని వెళ్ళాడు.

చెత్త బండి అబ్బాయి ఇంకా నిజాయితీపరుడు. "మేం తీసుకుపోయినా కాలవ గట్టునే గదమ్మా పోసేది. మీ ఆయన ఇన్నేళ్ళు మాకియ్యకుండా దాచుకుంది మేము కాలవలో పోసేదానికా?" అని నన్నే ఎదురడిగాడు. బకింగ్‌హామ్ కాలవ మా పాలెం వెనకే పారుతుంది. మైపాడు దాకా ఉన్న టైలర్లందరి ముక్కలూ చేరేది అందులోకే. వాన పడితే అక్కడి నుంచి నీళ్ళు సముద్రంలో కలిసే మొగకు, మొగలోంచి సముద్రానికి.

నాలుగు ముక్కల్ని దిండులో కూరి చూద్దామని ధనలక్ష్మి ఒక దిండు కుట్టి, మొగుడికిచ్చింది. నరసయ్య ఒక్క రాత్రి దాని మీద పడుకుని, తెల్లారి వచ్చి, "టీచరమ్మా, తలకాయ పొయ్యి మీద పెట్టినట్టే ఉండాది. చెవిలో ఇడ్లీ వేసుకోవచ్చు," అన్నాడు.

ఇంక విసుగెత్తి ఒక గోతం దుకాణం వెనక ఇసుకలో పోసి నేనే అగ్గి పెట్టాను. పొగ నల్లగా లేచి, గాలికి వంగి, సరిగ్గా నరసయ్య తల్లి వెంకటశేషమ్మ ఎండబెట్టుకున్న చేపల మీదికి పోయింది. ఆమె అరుపు మైపాడులో వినిపించి ఉంటుంది.

"నా నెత్తళ్ళన్నీ నాశనం చేసినావు గదమ్మా! ఈ కంపుకు పిల్లి గూడా మూతి పెట్టదు. సదువుకున్న దానివి, గాలి ఎటు తోలతా ఉండాదో చూసుకోబళ్ళా?"

"చూసుకోలేదు వెంకటశేషమ్మా. తప్పే."

"మాస్టరు ఉంటే ఇట్టాంటి పని చేసుండునా?"

"మాస్టరు ఉంటే ఏ పనీ చెయ్యడు," అన్నాను. "గోతంలో కూరి, మూతి కట్టి, తెర లాగేస్తాడు."

ఆమె నన్ను ఎగాదిగా చూసి, చేపలు ఎత్తుకోవడం మొదలుపెట్టింది. బహుశా నా గొంతు అలా ఎప్పుడూ విని ఉండదు. మంట ఆరాక చూస్తే, ముక్కలన్నీ కరిగి ఇసుకతో కలిసి నల్లరాయిలా గడ్డకట్టి ఉన్నాయి. పార పెట్టి తవ్వితే పారకే అతుక్కుంది. ఆ పార ఇప్పటికీ మా పెరట్లో అలాగే ఉంది.

ఇంటికి వచ్చి, ఖాళీగా ఉన్న కుర్చీతో గట్టిగానే అన్నాను: "ఒక్క మాట చెప్పొచ్చు కదా. ఇవన్నీ ఏం చేద్దామనుకున్నావు?"

*

మే నెలలో మా మరిది సుశీల్ కుమార్ నెల్లూరు నుంచి బండి మీద వచ్చాడు. అన్నకూ తమ్ముడికీ పోలికే లేదు. మా ఆయన దేన్నీ వదిలేవాడు కాదు, సుశీల్ దేన్నీ పట్టుకోడు.

"వదినా, నువ్వు ఇట్ట గోతాలతో కుస్తీ పడతా ఉంటే ఊళ్ళో నన్ను తిడతా ఉండారు. నాకొదిలెయ్. వారంలో ఖాళీ చేపిస్తా."

"నేనూ వారమనే అన్నాను సుశీల్."

"నువ్వు పద్ధతిగా చేసినావు. పద్ధతిగా చేస్తే అయ్యే పనా ఇది?"

నాకు నెల్లూరులో ట్రైనింగు ఉంటే, దుకాణం తాళం అతనికిచ్చి, పోయి వాళ్ళింట్లోనే ఉన్నాను. తిరిగొచ్చేసరికి దుకాణం వెనక భాగం ఖాళీ. నేల కనిపిస్తోంది. సిమెంటు మీద గోతాలు పెట్టిన చోట చదరాలు చదరాలుగా మచ్చలు, అంతే. ధనలక్ష్మి సున్నం కొడుతోంది. ముక్కు మీద, చెవి మీద సున్నం చుక్కలు.

"ఎవరు కొన్నారు?"

"ఏమో టీచరమ్మా, సుశీలన్న ఏందో పార్టీ దొరికిందన్నాడు. మా ఆయన, ఇంకో ఇద్దరు మోసినారు," అంది ఆమె, బ్రష్షు ఆపకుండా.

సుశీల్‌కు ఫోన్ చేస్తే, "పార్టీ పెద్దది వదినా, ఎంతైనా పడతాది," అని నవ్వాడు. నేనింక అడగలేదు. ఆ సాయంత్రం పద్మనాభయ్యగారు వచ్చి చూసి, ఖాళీ నేల మీద రెండడుగులు అటూ ఇటూ నడిచి, "బళ్ళు తెరిచే రోజు పాలు పొంగిద్దాం తల్లీ," అని ధనలక్ష్మితో అన్నారు. నేను ఇంటికి వెళ్ళి అన్నం వండుకుని, చాలా రోజుల తర్వాత రుచి తెలిసేలా తిన్నాను.

*

ఆ నెలాఖరులో సముద్రంలో వాయుగుండం వచ్చింది. గాలి, అలలు, ఇల్లంతా ఇసుక. అది తగ్గిన రెండో రోజు పొద్దున్నే కూరకు చేపల కోసం ఒడ్డుకు వెళ్ళాను. మోటారు పడవలు పోకూడదు గానీ, ఒడ్డు నుంచి చేత్తో లాగే పెద్ద వల వెయ్యచ్చు. ఆనందబాబు వల అది. వలలో వాటా ఉన్నవాళ్ళు రెండు జట్లుగా చీలి, రెండు మోకులు పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ లాగుతున్నారు.

లాగే కొద్దీ వాళ్ళ ముఖాలు వెలుగుతున్నాయి. వల బరువుగా ఉంది.

"ఓయ్, కవళ్ళ గుంపు పడ్డట్టుండాది!"

"కవళ్ళయితే ఇంత బరువా? కానాగంతలు!"

"ముందు లాగండ్రా, పేరు తర్వాత పెడదాం!"

ఆనందబాబు ఇళ్ళ వైపు తిరిగి, తట్టలు తెమ్మని కేకేశాడు. గాలివాన తర్వాత మొదటి వల. ఆడవాళ్ళు తట్టలు, టబ్బులు, చివరికి నీళ్ళ బిందెలు కూడా పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. వెంకటశేషమ్మ అందరికంటే ముందుంది. నరసయ్య మోకు చివర పట్టుకుని వేలాడినట్టు లాగుతున్నాడు.

వల సంచీ అలల్లోంచి బయటపడి ఇసుక మీద దొర్లింది. అంతా ఒక్కసారి అరిచారు. తర్వాత అరుపు ఆగిపోయింది.

నీలం గళ్ళు. తెల్లవి, ఊదారంగువి, ముదురాకుపచ్చవి. చొక్కా చంకల దగ్గర కోసిన నెలవంకలు, కాలరు పక్క మిగిలిన పట్టీలు, జేబుకు పోగా మిగిలిన మూలలు. మణుగుల కొద్దీ తడి ముక్కలు, ఒకదానికొకటి పెనవేసుకుని, వల కళ్ళన్నీ పూడ్చేసి ఉన్నాయి. వాటి మధ్యలో అక్కడక్కడా ఒక చేప ఎగిరెగిరి పడుతోంది.

ఎవరి పిల్లల యూనిఫారం వాళ్ళకు తెలుసు. ఎవరూ ఎవర్నీ ఏమీ అడగక్కర్లేకపోయింది. అందరూ ముందు ముక్కల్ని చూశారు, తర్వాత నన్ను చూశారు. నేను నరసయ్యను చూశాను. నరసయ్య ఇసుకను చూస్తున్నాడు.

"ఏమయ్యా నరసయ్యా," అన్నాడు ఆనందబాబు, మోకు కింద పడేసి. "సుశీల్ చెప్పిన పెద్ద పార్టీ అంటే ఈయనేనా?" సముద్రం వైపు చెయ్యి చూపించాడు.

"అట్ట గాదన్నా..."

"ఎట్ట మరి?"

నరసయ్య మొత్తానికి తలెత్తాడు. "మనం ఏటా తాటాకులు కట్టి, ఇసక మూటలు తగిలించి దించుతాం గదా, నీడకు చేపలు చేరేదానికి. ఆ తాటాకు నెల తిరిగీ తిరక్కముందే కుళ్ళిపోతాది. మళ్ళా కొట్టు, మళ్ళా కట్టు, మళ్ళా దించు. టీచరమ్మే గదా చెప్పింది, ఈ గుడ్డ కుళ్ళదని! కుళ్ళందయితే ఇంకా మేలు గదా, ఒకసారి దించితే మన పిల్లల కాలానికి గూడా ఉంటాదని... గోతానికి గోతమే కట్టి దించినాం, తెప్ప మీద ఏసుకపోయి. గాలివానకు గోతాలు పగిలిపోతాయని నేను కలగన్నానా?"

ఆనందబాబు వల సంచీ పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పిల్లల కాలానికి ఉంటాది," అంది వెంకటశేషమ్మ కొడుకుతో, నిదానంగా. "అందులో మాత్రం తప్పు చెప్పలా నువ్వు."

ఎవరో నవ్వారు. ఆనందబాబు నవ్వలేదు. వల కన్ను ఒకటి వేలితో పట్టుకుని చూపించాడు. గుడ్డ అంచు పోగులు ఊడి, వల దారంతో కలిసి చిక్కుపడి, ఏది వలో ఏది గుడ్డో తెలియడం లేదు. కోస్తే రెండూ తెగుతాయి. "నిషేధం అయిపొయ్యేలోగా ఇది బాగైతాదా?" అన్నాడు, ఎవరినీ అడగనట్టు. తర్వాత నా వైపు తిరిగి, గొంతు తగ్గించాడు. "మిమ్మల్ని అన్లేదమ్మా. మాస్టరు ఉన్నన్నాళ్ళూ ఒక్క పేలిక నీళ్ళలో పడనీలా. మాకు తెలుసు."

తిట్టి ఉంటే బాగుండేది.

సుశీల్‌కు ఫోన్ చేశాను. "వదినా, సముద్రం అంత పెద్దది గదా," అన్నాడు. నేను ఫోన్ పెట్టేశాను.

చెప్పులు విడిచి, కొంగు బిగించి, వల పక్కన కూర్చుని ఒక్కో ముక్కా తియ్యడం మొదలుపెట్టాను. కాసేపటికి ధనలక్ష్మి వచ్చి కూర్చుంది. తర్వాత వెంకటశేషమ్మ, తర్వాత మిగతావాళ్ళు. చేపల కోసం తెచ్చిన తట్టలన్నీ ముక్కలతో నిండాయి. దొరికిన కాసిని చేపల్ని పక్కన కోస్తున్న వెంకటశేషమ్మ ఒకదాని మొప్ప ఎత్తి నాకు చూపించింది. ఎర్రటి మొప్ప సందుల్లో సన్నటి తెల్లటి నూగు, దూది పింజలా.

"ఇది దూదేనా టీచరమ్మా?"

"దూది కాదు. దూది అయితే కుళ్ళిపోయేది."

"మరి ఇది తినచ్చునా?"

"మొప్పలు తీసెయ్," అన్నాను.

*

సాయంత్రానికి ముక్కలన్నీ మళ్ళీ దుకాణం మెట్టు దగ్గరికి చేరాయి. వేరే చోటు ఎవరికీ తోచలేదు మరి. ఆ రోజు వలలో వచ్చినవీ, ఒడ్డు పొడుగునా కొట్టుకొచ్చినవీ, పగలకుండా తీరంలో ఆగిన గోతాలూ. పోయినవి పోగా, మిగిలినవి తడిసి మునుపటికంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. ఉప్పు, ఇసుక, నీచు వాసన. ధనలక్ష్మి కొట్టిన సున్నం గోడకు ఆనించి పెడితే, తెల్లటి గోడ మీద అప్పుడే నీళ్ళ మరకలు దిగుతున్నాయి.

పద్మనాభయ్యగారు వచ్చి దూరం నుంచే చూశారు. "ఇది లోపలికి రాకూడదమ్మా. వస్తే నేనింక ఆగలేను. ఆ చికెన్ అబ్బాయి బోర్డు గూడా రాయించుకోని కూర్చోనుండాడు," అని చెప్పి, నా ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. బళ్ళు తెరవడానికి ఇంక ఎన్నో రోజులు లేవు.

ధనలక్ష్మి మెట్టు మీద కూలబడింది. పొద్దున్నుంచీ ఉప్పునీళ్ళలో నానిన వేళ్ళు ముడతలు పడి, తెల్లగా పాలిపోయి ఉన్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటోంది.

"పోయింది టీచరమ్మా. ఇంక షెడ్డే."

నేను పక్కన కూర్చుని తడి కొంగు పిండుకున్నాను.

"కాలవలో పోసేద్దామా?" అందామె, గొంతు తగ్గించి. "ఎవురూ ఏమీ అనరు. మైపాడు టైలర్లందరూ పోస్తానే ఉండారు. మా ఆయన ఎడ్లబండి మాట్లాడతాడు."

నాకప్పటికి నడుం పడిపోయింది. చీర అంతా నీచు. మార్చి నుంచీ మోసింది చాలనిపించింది. ఆ గోతాలనే కాదు, మనిషి లేని ఇంట్లో ఒక్కదాన్నే నిలబడి ప్రతిదీ తేల్చాల్సి రావడాన్ని కూడా.

"సరే," అన్నాను. "పొయ్యండి."

ధనలక్ష్మి లేవలేదు.

"నిజంగానా టీచరమ్మా?"

"ఇంకేం చేద్దాం? నీకు గది కావాలా వద్దా?"

"కావాల. కాకపోతే..." చీర కుచ్చిళ్ళలో ఇసుక దులుపుకుంది. "ఒకసారి నేనే అడిగినా మాస్టర్ని. అందరూ కాలవలో ఏస్తా ఉంటే మనకేంది మాస్టరూ ఈ గోల, కాలు పెట్టను చోటు లేదు గదా అని. 'మా ఆమె వద్దన్నది' అన్నాడు."

"నేనా?"

"అట్టనే అన్నాడు."

"నేనెప్పుడు వద్దన్నాను?"

"నేనూ అదే అడిగినా. 'పెళ్ళైన కొత్తలో కాలవ కట్ట మీద పోతా ఉంటే అన్నది. ఆమెకు గుర్తు గూడా ఉండదులే' అని నవ్వినాడు. అంతే. మళ్ళా కత్తిరించుకుంటా కూర్చున్నాడు."

గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. కాలవ కట్ట మీద ఇద్దరం నడిచిన రోజులు ఉన్నాయి. అప్పట్లో సైకిలు ఉండేది, ఆయన దాన్ని నడిపించుకుంటూ వచ్చేవాడు. దారిపొడుగునా నేనేదో చెబుతూనే ఉండేదాన్ని. నీళ్ళలో ముక్కలు వెయ్యద్దు, చెట్టు కొమ్మ విరచద్దు, గోళ్ళు కొరకద్దు. పిల్లలకు రోజుకు పదిసార్లు చెప్పే మాటలు, అలవాటు కొద్దీ ఆయనకూ చెప్పి ఉంటాను. పిల్లలు ఎవరూ వినలేదు. వింటారని చెప్పేదాన్నీ కాదు.

ఎంత వెతికినా ఆ రోజు నాకు దొరకలేదు.

ధనలక్ష్మి నా వైపే చూస్తోంది. ఆమెకు కావాల్సింది గది. నా జ్ఞాపకం కాదు.

"మీ ఆయన్ని బండి మాట్లాడమను," అన్నాను.

"కాలవకా?"

"మా ఇంటికి."

*

మా ఇల్లు చిన్నది. ముందు గదిలో పెద్ద మంచం తీయించేస్తే సగం గోతాలు పట్టాయి. మిగతావి వంటింటి గోడ వెంబడి. అంతకు ముందు వారం రోజులూ డాబా మీద ఆరబోశాను. గాలికి ఎగరకుండా పైన నరసయ్య పాత వల పరిచి, నాలుగు మూలలా ఇటుకలు పెట్టి వెళ్ళాడు. వెళ్ళేముందు మెట్ల దగ్గర ఆగి, "టీచరమ్మా, నా మీద కోపమా?" అని అడిగాడు. "నువ్వు పాఠం సగమే విన్నావు నరసయ్యా," అన్నాను. "మిగతా సగం మీరు చెప్పలా గదా," అన్నాడు. అదీ నిజమే.

సుశీల్ వచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

"ఏంది వదినా ఇది? మనుషులుండే ఇల్లేనా ఇది?"

"ఉండేది నేనొక్కదాన్నే కదా. స్థలం ఉంది."

"అన్నకే పిచ్చి అనుకున్నా."

"కాఫీ తాగుతావా?" అన్నాను.

తాగి, గోతాల సందులోంచి పక్కవాటుగా నడిచి వెళ్ళిపోయాడు.

విసుగు పోయిందని చెప్పలేను. రాత్రి మంచినీళ్ళకు లేస్తే కాలికి గోతం తగులుతుంది. వాన వచ్చే ముందు ఇంట్లో ఉప్పు వాసన వేస్తుంది. వాటిని ఏం చెయ్యాలో నాకిప్పటికీ తెలియదు. ఎవరికైనా తెలుస్తుందేమోనని అడుగుతూనే ఉన్నాను.

బళ్ళు తెరిచిన రోజు పద్మనాభయ్యగారు అన్నట్టే పాలు పొంగించారు. నేను బడి నుంచి తిరిగొస్తూ దుకాణం దగ్గర ఆగాను. మెట్ల మీద పిల్లలు, తల్లులు, చేతుల్లో కొత్త గుడ్డల కట్టలు. ధనలక్ష్మి మెడలో టేపు వేసుకుని, నోట్లో రెండు గుండుసూదులు పట్టుకుని, ఒక పిల్లవాడి భుజం కొలుస్తోంది. నన్ను చూసి సూదులు తీసి నవ్వింది. బల్ల చుట్టూ నేల కనిపించడం లేదు. ఒక్క పూటకే అన్ని ముక్కలు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక చీపురు తీసుకుని వాటిని ఒక చోటికి ఊడ్చింది. తెర లేని ఖాళీ మూల వైపు చూసింది, గుమ్మం అవతల కాలవ వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది.

"ఏం చెయ్యమంటారు టీచరమ్మా వీటిని?"

"కాస్త దగ్గర దగ్గరగా పెట్టి కత్తిరించకూడదా?" అన్నాను చిరాగ్గా.

"మాస్టరు కత్తిరించినట్టే కత్తిరించినా. చంక దగ్గర ఆ మాత్రం మిగలకుండా చొక్కా ఎట్ట వస్తాది? మీరే చెప్పండి."

నేను పక్క కొట్టుకు వెళ్ళి ఖాళీ బియ్యం గోతం ఒకటి అడిగి తెచ్చాను. దులిపి, మూతి రెండు చేతులతో తెరిచి పట్టుకున్నాను.

"ఎత్తు," అన్నాను.